ఎవరి కోసం కొడతన్నావు?

బాపట్లలో డిగ్రీ చదివిన మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా చెడుగుడు బరిలోకి దిగలేదు. నా బక్క ఒంటికి ఆ ఆట సరిపడదు. కానీ మా కాలేజీ టీం ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళి గొంతు చించుకునే గుంపులో నేనెప్పుడూ ముందుండేవాణ్ణి. 1991 డిసెంబర్లో తెనాలిలో ఆట పడింది. ఆ ఆటకి నన్ను నా గొంతు కోసం కాకుండా మా నాయన డప్పు కోసం తీసుకెళ్ళారు. ఆ ఒక్క రోజు సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళు దాటినా అది నన్ను వదల్లేదు.

బాపట్లోళ్ళకీ తెనాలోళ్ళకీ మాటల్లో ఎప్పుడూ పడదు. ఆట ఉందంటే వారం ముందు నుంచే మొదలయ్యేది. మా క్లాసులో తెనాలి వైపు నుంచి రైల్లో వచ్చి చదువుకునే వాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. చదివేది మా కాలేజీలోనే గానీ ఆట దగ్గరకొచ్చేసరికి వాళ్ళు తెనాలోళ్ళే. సాయంత్రం స్టేషన్ దగ్గర టీ కొట్టు ముందు చేరితే ఇక చూసుకోండి.

"మాది ఆంధ్రా ప్యారిస్ రా. మీకేముంది? ఇసకా, సరుగుడు తోటలూ."

"ప్యారిస్ కాలవల్లో పడవలుంటయ్యంట. మీ కాలవల్లో దోమలున్నయ్."

"మా రామకృష్ణ కవి రాయల్నే బోల్తా కొట్టించాడు. మీరెంత?"

"ఆయనకి పేరులోనే తెనాలి. మీ గోల పడలేక హంపీ పోయి బతికాడు."

"సముద్రం గాలికి మీ బుర్రలు తుప్పు పట్టినయ్ రా."

"మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది మా ఊళ్ళో. మీరు ఆంధ్రోళ్ళని మేం చెబితే గదా మీకు తెలిసింది!"

"సభలు మీరు పెట్టుకోండి. కప్పులు మాకొదిలెయ్యండి."

రేపల్లె నుంచి వచ్చే ఒకడు మాత్రం టీ తాగుతా, "మీరూ మీరూ కొట్టుకు చావండి. మాది రైలు ఆగిపోయే ఊరు. మేం ఎటూ పోం" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు నాకెంత అవసరమో చెప్పాలంటే ఆ ఏడు ఆగస్టు సంగతి చెప్పాలి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెల ముందు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల కుర్రాడికి తగలడంతో మొదలైన గొడవ అది. ఆ కబురు తెలిసిన రోజు మా హాస్టల్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మర్నాడు ఊరేగింపు తీశాం. నినాదాలిచ్చాం. ఆ తర్వాత కాలేజీలో రెండు వారాలు మాతో ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. బెంచీల మీద మాకు మేమే విడిపోయాం. పక్కన కూర్చుంటే కాలు తగులుతుందేమోనని వాళ్ళకుందో మాకుందో తెలీదు.

ఆ బిగువుని చెడుగుడే సడలించింది. టీం సెలక్షన్లు వచ్చేసరికి మా హాస్టల్ అన్న ఒకతను కూతకెళితే ఆపేవాడు లేడు. ఆయన మాలపల్లి మనిషి. పిక్కలు చూస్తే తాటి మొద్దులు. ఆయన్ని వదులుకుంటే తెనాలి మీద గెలవలేమని అందరికీ తెలుసు. దాంతో మెల్లిగా పలకరింపులు మొదలయ్యాయి. "మనోడు ఈసారి ఏడుగుర్నీ ఊడ్చేస్తాడు" అన్నారు. మనోడు! ఆ మాట వినేసరికి ఏదో నయమైనట్టు అనిపించింది నాకు. మోసపోయానని ఇప్పుడంటే తేలిక. పంతొమ్మిది, ఇరవయ్యేళ్ళ వయసులో ఎవరో ఒకరు మనల్ని తమలో కలుపుకోవాలని ఉండదా?

చెడుగుడు మాకు కొత్తాట కాదు. చిన్నప్పుడు మా ఊళ్ళో కోతలైపోయిన పొలాల్లో ఊరి పిల్లలతో కలిసే ఆడేవాళ్ళం. కాళ్ళు పట్టుకు లాగేవాళ్ళం, మీద పడేవాళ్ళం. మట్టిలో దొర్లేటప్పుడు ఎవరి కులం ఎవరికీ అంటేది కాదు. ఆటయ్యాక వాళ్ళ అమ్మలు గుమ్మం బయటే నిలబెట్టి నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తేనే లోపలికి రానిచ్చేవాళ్ళు. మాకు అది తప్పని కూడా తెలీదు. కూతకెళ్ళినోడు ఎవర్నంటుకుంటే వాడు చచ్చినట్టు. ఆటలో ఉన్న ఆ రూలే మా ఊళ్ళోనూ ఉందని నాకు చాలా తర్వాత తట్టింది.

ఆటకి నాలుగు రోజులుందనగా మా సీనియర్ ఒకతను టీ కొట్టు దగ్గర తేల్చాడు. "ఈసారి నోటితో అరిస్తే చాలదు. వాళ్ళ గ్రౌండ్లో వాళ్ళదే జోరుంటది. డప్పు కావాలి."

అందరూ నా వైపు చూశారు. ఎవరూ నా కులం పేరెత్తలేదు. ఎత్తాల్సిన పన్లేదు.

"ఒరే, మీ ఇంట్లో ఉంటది గదా?"

ఆ సీనియర్ చెడ్డవాడు కాదు. నాకు నోట్సులిచ్చేవాడు. జేబులో డబ్బుల్లేకపోతే సినిమా టిక్కెట్టు కొనిపెట్టేవాడు. "ఉంది, తెస్తాను" అన్నాను. సంతోషంగానే అన్నాను.

ఇంటికెళ్ళి చూస్తే డప్పు దూలానికి వేలాడుతోంది. మా పెద్దోళ్ళు దాన్ని పలక అంటారు. ఒకప్పుడు ఊళ్ళో ఎవరి ఇంట పీనుగు లేచినా ముందు నడిచింది మా నాయన పలకే. చాటింపుకీ అదే, జాతరకీ అదే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. చీరాల శిబిరానికి వెళ్ళి చూసొచ్చాక మా నాయన ఊరోళ్ళ చావులకి కొట్టనని చెప్పేశాడు. రెండేళ్ళు కూలికి పిలవలేదు. అమ్మ తిట్టింది. అయినా నాయన దాన్ని దించలేదు. మా గూడెంలో మనిషి పోతే తప్ప అది కిందికి రాలేదు.

"యాడికి దాన్ని?" అన్నాడు.

"ఆటకి నాయనా. మా కాలేజీకీ తెనాలి కాలేజీకీ ఆట."

"డబ్బులిస్తారా?"

"డబ్బులెందుకు? మన కాలేజీ గదా."

నాయన కాసేపు నా మొహం వంక చూశాడు. "ఎవరి కోసం కొడతన్నావురా?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. నేను "మనకోసమే" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా దూలం మీంచి దించి, దుమ్ము తుడిచి, చిర్రా చిటికెన పుల్లా గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "మంచులో తోలు జారిపోద్ది. కొట్టే ముందు గడ్డి మంట మీద కాగబెట్టుకో. మాడ్చబాక" అని జాగ్రత్త చెప్పాడు.

ఆట రోజు పొద్దున్నే పాసింజరెక్కాం. టీం ఒక పక్క, మేం నలభై మందిమి ఒక పక్క. ఒకే పెట్టెలో కుక్కుకున్నాం. కాళ్ళ మీద కాళ్ళు, భుజాల మీద చేతులు. అప్పికట్ల దాటేసరికి దెబ్బ అందుకున్నాను. ఒక్క దెబ్బ, రెండు దెబ్బలు, తర్వాత జోరు దెబ్బ. పెట్టె ఊగిపోయింది. నిడుబ్రోలులో ఎక్కిన తెనాలి వైపు కుర్రాళ్ళని మధ్యలో నిలబెట్టి ఆడుకున్నారు మావాళ్ళు.

"రిటన్ టిక్కెట్టు కొన్నారా? ఏడవడానికి మాతోపాటు బాపట్ల రావాలిగా!"

"మీరే ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కోండి. తెనాల్లో దిగి అట్టాగే ఎనక్కి రైలెక్కుదురు గాని."

అందరిలోకీ నేనే ఎక్కువ నవ్వాను. నా భుజం మీద ఎన్ని చేతులో! "మనోడి దెబ్బ చూశారా" అంటున్నారు.

రైలు చుండూరులో ఆగింది.

ఆ దారి నాకు తెలియంది కాదు. ఆ స్టేషన్ వస్తుందని తెలుసు. అయినా పసుప్పచ్చ బోర్డు మీద నల్ల అక్షరాలు కిటికీలో కనపడగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. కూతకెళ్ళే అన్న తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. హాస్టల్ వాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఏందిరా ఆపావ్? కొట్టు" అన్నాడొకడు.

సీనియర్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఉండరా. స్టేషన్ దాటనీ" అన్నాడు.

అంటే ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. రైలు కదిలింది. బోర్డు వెనక్కి పోయింది. "ఇక కొట్టు" అన్నాడు సీనియర్.

కొట్టాను. ఆ రోజు జరిగినవాటిలో నాకు ఎక్కువ సిగ్గనిపించేది అదే. ఎవరో ఏదో అన్నందుకు కాదు. స్టేషన్ దాటాక నేను మళ్ళీ కొట్టినందుకు.

తెనాలి గ్రౌండ్లో జనం బాగా ఉన్నారు. వరిగడ్డి తెచ్చి మంట వేసి డప్పు కాగబెడుతుంటే అవతలి గుంపు మొదలెట్టింది.

"ఏరా బాపట్లోళ్ళూ! చావు డప్పు తెచ్చుకున్నారేంది? మీ టీం పీనుగుని మీరే మోసుకుపోతారా?"

ఇది ఆటల్లో ఉండే మాటే. దానికి నాకు కోపం రాలేదు. మావాళ్ళేం బదులిస్తారా అని చూస్తున్నాను. మా గుంపులోంచి ఒకడు నా భుజం చుట్టూ చెయ్యేసి, నన్ను ముందుకు లాగి, గట్టిగా అరిచాడు.

"మా జోరు మీకేం తెలుసురా! మాకు సొంత మాదిగోడున్నాడు. మీకున్నాడా?"

గ్రౌండంతా పగలబడి నవ్వింది. మావాళ్ళు నవ్వారు. తెనాలోళ్ళూ నవ్వారు. వారం నుంచి ఒక్క మాట మీదికి రాని రెండు ఊళ్ళూ ఆ మాట దగ్గర కలిశాయి. నా భుజం మీద చెయ్యి అట్టాగే ఉంది. దాంట్లో ప్రేమ కూడా ఉంది. అదే నాకు ఊపిరాడనివ్వలేదు. తిట్టు అయితే తిరిగి తిట్టేవాణ్ణి. ఇది మెచ్చుకోలు. ఎడ్లబండి, సొంత ఎద్దు, సొంత మాదిగోడు. దీనికి ఏమని బదులు చెప్పాలి?

అవతలి గుంపులో ఒకతను మాత్రం నవ్వడం లేదు. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు.

మొదటి ఇరవై నిమిషాలూ చేతులు ఆడించాను. అన్న కూతకెళ్ళిన ప్రతిసారీ ఒకరిద్దర్ని అంటుకునే వచ్చాడు. ఒకసారి వాళ్ళ ఏడుగురూ ఔటై లోనా వచ్చింది. మావాళ్ళు ఎగిరారు. విశ్రాంతికి విజిల్ వేసేసరికి ఆరు పాయింట్లు ముందున్నాం. నేను డప్పు చంకన పెట్టుకుని గ్రౌండ్ బయట టీ కొట్టుకు పోయాను. ఆ పొడుగాటతను వెనకాలే వచ్చాడు.

"రెండు టీ" అని చెప్పి నా పక్కన నిలబడ్డాడు. "వాడు అడిగాడు గదా, మీకున్నాడా అని. వాళ్ళకీ ఉన్నాన్లే. నాకు డప్పు కొట్టడం రాదు. అంతే తేడా."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నేను నిజంగా నవ్వింది అదొక్కసారే. మాలపల్లి నుంచి వచ్చి తెనాలి హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. చుండూరు వాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని తెనాలి వచ్చినప్పుడు శిబిరంలో పనిచేశాడు. రాత్రిళ్ళు చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తే తల్లులు నోరు మూసేవాళ్ళట, ఏడుపు వినపడితే వాళ్ళొస్తారేమోనని. తెనాల్లో, పోలీసుల మధ్య ఉండి కూడా! అతను చెబుతుంటే గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది.

మా ఊళ్ళో మాలల బావి వేరు, మా బావి వేరు. చిన్నప్పుడు వాళ్ళూ మమ్మల్ని దూరంగానే పెట్టారు. అది దాచి రాస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కారంచేడులో చచ్చింది మాదిగలు, చుండూరులో చచ్చింది ఎక్కువమంది మాలలు. నరికేటప్పుడు వాళ్ళకి మా బావులు వేరని గుర్తురాలేదు. ఆ టీ కొట్టు దగ్గర మేమిద్దరం దీని గురించి మాట్లాడుకోలేదు. పక్కపక్కన నిలబడి టీ తాగాం.

చాలా ఏళ్ళ తర్వాత పల్వంకర్ బాలూ గురించి చదివాను. చమార్ కులస్తుడు. మన దేశంలో మొదటి గొప్ప బౌలర్లలో ఒకడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు తీశాడు. అంతకు ముందు పూనాలో ఆడే రోజుల్లో ఆయన విసిరిన బంతిని జట్టంతా ముట్టుకునేది. టీ వేళకి మాత్రం ఆయన్ని బయట నిలబెట్టి మట్టి ముంతలో పోసేవాళ్ళు. ఎంత గొప్పగా ఆడినా హిందువుల జట్టుకి ఆయన్ని కెప్టెన్ని చెయ్యలేదు. తమ్ముడు విఠల్‌కి 1923లో గానీ ఆ కెప్టెన్సీ దక్కలేదు. అది చదివినప్పుడు నాకు తెనాలి టీ కొట్టు గుర్తొచ్చింది. ఆటలో నువ్వెంత కావలసినవాడివో ఆట చెబుతుంది. మనిషిగా ఎంత కావలసినవాడివో టీ వేళ చెబుతుంది.

నేను తిరిగి వెళ్ళేసరికి రెండో సగం మొదలైంది. "కొట్టరా, కొట్టు!" అని అరుస్తున్నారు. డప్పు చంకనే ఉంది. చిర్ర నడుం దగ్గర దోపుకున్నాను. తియ్యలేదు. "ఏమైందిరా నీకు?" అన్నాడు సీనియర్. "చెయ్యి నెప్పి" అన్నాను. నిజం చెప్పే ధైర్యం అప్పుడు లేదు. ఆ మాత్రం అబద్ధం ఆడే ధైర్యం వచ్చింది.

తెనాలోళ్ళు పుంజుకున్నారు. పాయింట్లు దగ్గరికొచ్చాయి. చివరి కూతల్లో ఒకసారి అన్న ఇద్దర్ని అంటుకుని తిరిగొస్తుంటే గీత జానెడు దూరంలో ఉందనగా ముగ్గురు మీద పడ్డారు. చెయ్యి చాచాడు. గీత అందలేదు. కూత ఆగిపోయింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

తిరుగు రైల్లో తెనాలి మీద ఒక్క మాట లేదు. మాటలన్నీ లోపలికి తిరిగాయి.

"మధ్యలో డప్పు ఆపి టీం గొంతు కోశాడు వాడు."

"ఆ హాస్టలోడికి అంత దూకుడెందుకు? ఒకణ్ణి అంటుకుని రావచ్చుగా."

"నెత్తికెక్కించుకుంటే ఇట్టాగే ఉంటది."

పొద్దున ఇదే పెట్టెలో నేను మనోణ్ణి. సాయంత్రానికి వాడు. అన్న మనోడల్లా హాస్టలోడయ్యాడు. ఆయన మోకాలు బుడగలా వాచింది. అయినా నా పక్కకి జరిగి మెల్లిగా అన్నాడు. "తమ్ముడూ, నువ్వు మనసులో పెట్టుకోమాక. నేను పట్టుబడింది డప్పు లేక కాదు, ఊపిరి లేక." చుండూరు వచ్చింది. చీకట్లో ఒక్క దీపం వెలుగుతోంది. ఈసారి ఎవరూ కొట్టమనలేదు, ఆపమనలేదు.

ఇంటికెళితే నాయన అడిగాడు. "గెలిచారా?"

"ఓడాం."

"ఎవరు?"

బదులు చెప్పలేకపోయాను. నాయన డప్పు తీసుకుని తోలు మీద చెయ్యి వేసి చూశాడు. ఎక్కడా మాడలేదు. మళ్ళీ దూలానికి తగిలించాడు.

1992 ఆగస్టు 6న చుండూరు వెళ్ళాం. ఈసారి నేను అడక్కముందే నాయన డప్పు దించాడు. తనూ వచ్చాడు. చనిపోయిన వాళ్ళని పూడ్చిన చోటుని రక్తక్షేత్రం అంటున్నారు. ఆ దారిలో నాయన గడ్డి మంట వేసి తనే కాగబెట్టాడు. నాయన కొట్టాడు, నేను కొట్టాను. తెనాలి స్నేహితుడు మా పక్కన నడిచాడు. వెన్నులో సన్నగా వణుకు పుట్టింది. ఎవరి కోసమని నాయన అడగలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు, ఏ డప్పు మోస్తూ నేను గ్రౌండ్లో తలదించుకున్నానో అదే జెండా అయింది. నాయన అది చూసి పోయాడు.

2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. 2022లో బాపట్ల జిల్లా అయింది. ఆ జిల్లా గీత ఎట్టా గీశారోగాని, కారంచేడూ చుండూరూ రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోవే. మా ఊళ్ళ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ రెండు పేర్లు మాత్రం ఎవరి నోటా రావు.

ఆ మధ్య పాత విద్యార్థులం కలిశాం. సీనియర్ జుట్టు నెరిసింది. టీవీలో ప్రో కబడ్డీ వదలకుండా చూస్తాడట. నన్ను చూడగానే కావలించుకున్నాడు. "ఒరే, ఆ రోజు నువ్వు డప్పు ఆపకపోతే గెలిచేవాళ్ళం రా" అన్నాడు నవ్వుతూ. అప్పుడు చెప్పాను. చెయ్యి నెప్పి కాదన్నాను. ఆ మాటా, ఆ నవ్వూ, చుండూరు స్టేషనూ అన్నీ చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. చాలాసేపటికి, "అప్పుడే చెప్పొచ్చు గదరా" అన్నాడు.

"చెప్పాను అన్నా. కొట్టడం ఆపాను గదా" అన్నాను.

ఇది చదివే విద్యార్థులకి ఆట వద్దని చెప్పను. మీ కాలేజీ కోసం అరవండి. అవతలోళ్ళని ఆటపట్టించండి. గొంతు పోయేదాకా అరవండి. ఆ సరదా మనక్కూడా హక్కే. కానీ విజిల్ వేశాక మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారో వినండి. టీ వేళ మీ పక్కన ఎవరు నిలబడ్డారో చూసుకోండి. అవతలి గుంపులో నవ్వకుండా నిలబడినవాడు ఒకడుంటాడు. వాడి దగ్గరికి మీరే వెళ్ళండి. నా దగ్గరికి అతనే రావాల్సొచ్చింది.

నాయన డప్పు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మా అమ్మాయి నేర్చుకుంటోంది. మొదటి రోజు చిర్ర చేతికిచ్చి నేనూ అదే అడిగాను. "ఎవరి కోసం కొడతన్నావమ్మా?"

"ముందు కొట్టడం రానీ నాన్నా, తర్వాత చెబుతా" అంది.